తీగ లాగితే: పాత కారు కరెంటు తిప్పలు

వానలు మొదలయ్యాక మా రాయగడ షెడ్డులో ఇంజను పని తగ్గి వైరింగు పని పెరుగుతుంది, ఏటా ఇదే వరస. ఈ శీర్షికకి వచ్చిన ఉత్తరాలు కూడా అలాగే ఉన్నాయి, చాలావాటిలో "బ్యాటరీ మార్చాను, అయినా..." అనే మాట కనిపించింది. కాబట్టి ఈసారి అంతా కరెంటే. జవాబులు చదివే ముందు మూడు వస్తువులు సమకూర్చుకోండి. ఒక మామూలు మల్టీమీటరు, ఒక టెస్ట్ ల్యాంపు (ఎల్ఈడీది కాదు, లోపల ఫిలమెంటు బల్బు ఉన్నదే), రెండు చివరలా క్లిప్పులున్న మూడు మీటర్ల వైరు. ఈ మూడూ కలిపి ఒక కొత్త బ్యాటరీ ధరలో పావు వంతు కూడా కావు.

ప్రశ్న: మాది 1998 మారుతి 800, ఓఆర్ (పాత ఒడిశా) నెంబరు బండి. బడిలో పనిచేసి రిటైరయ్యాను. బండి వారానికి రెండుసార్లు బజారుకి, నెలకోసారి టెక్కలిలో మా అమ్మాయి ఇంటికి తప్ప ఎక్కడికీ వెళ్ళదు. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాను. రోజూ తిప్పకపోవడం వల్లే పోతోందంటున్నారు. పొద్దున్నే తాళం తిప్పితే టకటకమంటుంది, ఇంజను తిరగదు. ఇప్పుడు డైనమో మార్చాలంటున్నారు. మార్చెయ్యమంటారా? (రిటైర్డు ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి)

వద్దు మాస్టారూ, ఆగండి. మీ డబ్బుతో వాళ్ళు లెక్క చేసి చూస్తున్నారు, తప్పితే ఇంకో అంకె వేస్తారు.

తాళం తిప్పితే టకటకమనడానికి కారణాలు మూడు. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీకి చార్జింగు ఎక్కకపోవడం, ఎక్కిన చార్జింగు రాత్రికి రాత్రి కారిపోవడం, బ్యాటరీలో నిండుగా ఉన్నా అది సెల్ఫ్ మోటారు దాకా చేరకపోవడం. ఈ మూడూ డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి ఒకేలా వినిపిస్తాయి. అక్కడే అందరూ బోల్తా పడతారు.

మీరు టెక్కలి వెళ్ళొచ్చిన రోజు బండి ఆపాక రెండు గంటలు వదిలేసి బ్యాటరీ రెండు బొడిపెల మధ్య మీటరు పెట్టి అంకె రాసుకోండి. మళ్ళీ తెల్లవారి తాళం తిప్పకముందే చూడండి. 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండు, 12.2 అంటే సగం, 12 కంటే దిగితే అడుగంటినట్టే. రాత్రే 12.1 చూపిస్తే చార్జింగు ఎక్కడం లేదు. రాత్రి 12.6 ఉండి పొద్దున 12.1 అయితే ఎక్కడో కారిపోతోంది, లేదా బ్యాటరీయే లోపల పోయింది. పొద్దున కూడా 12.6 ఉండి టకటకమంటే బ్యాటరీ, డైనమో రెండూ చాలావరకు నిర్దోషులే, ముందు కేబుళ్ళ దగ్గరికి వెళ్ళాలి. రెండు అంకెలతో సగం పని అయిపోతుంది.

చార్జింగు సంగతి చూడాలంటే ఇంజను నడుస్తుండగా కాస్త ఏక్సిలరేటరు తొక్కి అదే బొడిపెల మీద కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో బాగానే పనిచేస్తోంది (అసలు పేరు ఆల్టర్నేటరు, మా వైపు ఇంకా డైనమో అనే అంటాం, ఎవరూ మార్చుకోలేదు). 13 కూడా దాటకపోతే అప్పుడు కూడా ముందు బెల్టు బిగువు చూడండి, వెనకున్న కప్లరు (తీగలని కలిపే ప్లాస్టిక్ జోడు) లాగి చూడండి, తాళం ఆన్ చేసినప్పుడు మీటరు బోర్డులో ఎర్ర బ్యాటరీ గుర్తు వెలుగుతోందో లేదో చూడండి. చాలా పాత బండ్లలో ఆ చిన్న బల్బు గుండా వచ్చే కరెంటే డైనమోని నిద్ర లేపుతుంది. బల్బు మాడిపోతే డైనమో లేవదు. చిల్లర ఖర్చుతో పోయే రోగానికి డైనమో మార్చుకున్న వాళ్ళని నేనెరుగుదును.

ఇక కారిపోవడం. బ్యాటరీ నెగటివ్ కేబులు విప్పి, మీటరుని పది ఆంపియర్ల గాటులో పెట్టి, కేబులుకీ బొడిపెకీ మధ్య కలపండి. తలుపులు మూసి ఉండాలి, తాళంచెవి బయటికి తీసి ఉండాలి. జాగ్రత్త, ఆ మీటరు మధ్యలో ఉన్నంతసేపు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. పని అయ్యాక ప్రోబును వోల్టుల గాటులోకి మార్చకుండా బ్యాటరీ మీద పెట్టినా అంతే. మీది కార్బొరేటరు బండి, కంప్యూటరు లేదు, కాబట్టి స్టీరియో జ్ఞాపకానికి పోయే కాస్త తప్ప ఏమీ పోకూడదు. 0.05 ఆంపియర్లు దాటి చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ రండి, ఏది పీకినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. ఎక్కువగా దొరికేవి తలుపు స్విచ్చి పట్టేసి ఆరని లోపలి దీపం, తర్వాత బిగించిన అలారం, పాటల డబ్బా. 5 వాట్ల బల్బు 0.4 ఆంపియర్లు తాగుతుంది, రోజుకి దాదాపు పది ఆంపియర్ అవర్లు. మీ బండికి వేసే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడో రోజుకి చేతులెత్తేస్తుంది. వారానికి రెండుసార్లు తీసే బండికి ఇది చాలదూ?

మీరు మధ్యలో రాశారు, "రోజూ తిప్పకపోవడం వల్లే పోతోందంటున్నారు" అని. నేను ఒప్పుకోను. మంచి బ్యాటరీ, కారుడు లేని బండి, రెండు వారాలు నిలబడితే ఏమీ కాదు.

మూడోది కేబుళ్ళు. నాకు ఇష్టమైన జబ్బు ఇదే, ఎందుకంటే దీన్ని ఎవరూ అనుమానించరు. సెల్ఫ్ మోటారు నూటయాభై ఆంపియర్ల దాకా లాగుతుంది. దారిలో 0.02 ఓముల అడ్డు ఉన్నా, అంటే మామూలు మీటరుకి కనిపించనంత చిన్న అడ్డు, అక్కడే 3 వోల్టులు మింగేస్తుంది. మీటరు ఒక ప్రోబు బ్యాటరీ నెగటివ్ బొడిపె మీద (క్లాంపు మీద కాదు, సీసపు బొడిపె మీదే), రెండోది ఇంజను ఇనుము మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్ళే దారి) బాగోలేదు. అలాగే పాజిటివ్ బొడిపెకీ సెల్ఫ్ మోటారు మీది లావు బోల్టుకీ మధ్య, అక్కడ అర వోల్టు దాకా క్షమించవచ్చు.

ఒకసారి మునిగుడ వైపు నుంచి ఒక జీపు తాడు కట్టి లాక్కొచ్చారు. సెల్ఫ్ కొడితే చోక్ కేబులు (డ్యాష్‌బోర్డు నుంచి ఇంజనుకి పోయే ఇనుప తీగ) నుంచి పొగ! డ్రైవరు భయపడి పొలిమేర దేవతకి మొక్కుకున్నాడట కూడా. ఇంజనుకీ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ తెగిపోయింది, అంతే. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు తిరిగి వెళ్ళడానికి వేరే దారి లేక సన్నటి చోక్ కేబులు పట్టుకుంది. పట్టీ మార్చాం, బండి మొదటి తిప్పుకే లేచింది. మొక్కు తీర్చాడో లేదో తెలీదు.

కేబులు విప్పేటప్పుడు ఎప్పుడూ నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ ఆఖరున. పాజిటివ్ ముందు విప్పితే పానా బాడీకి తగిలిందంటే మంటే, బ్యాటరీ పక్కనుండే గ్యాసు పేలుతుంది కూడా. బొడిపెల మీద తెల్లటి, పచ్చటి బూజు ఉంటే వేడినీళ్ళలో తినే సోడా కలిపి కడిగి, ఆరాక గీకి, బిగించిన తర్వాత వ్యాజిలీన్ రాయండి. ముందు రాసి బిగించకండి.

ప్రశ్న: నాది 1996 అంబాసిడర్, మా నాన్న బండి, అమ్మడం ఇష్టం లేదు. మా కొరాపుట్ జిల్లా జైపూరు నుంచి విజయనగరం వెళ్ళేటప్పుడు సుంకి ఘాటీలో రాత్రి లైట్లు దీపం బుడ్డిలా ఉంటాయి. మంచు పడితే ఇక దేవుడే దిక్కు. 100/90 బల్బులు వేసుకుందామనుకుంటున్నా అన్నా. వైరింగు తట్టుకుంటుందా? (జైపూరు)

తట్టుకోదు తమ్ముడూ. ఆ ఘాటీలో ఎదురొచ్చే సాలూరు లారీవాడి కళ్ళు కూడా తట్టుకోవు, వాడికి కళ్ళు చీకట్లు కమ్మితే నష్టం నీకే.

లెక్క చూడు. మామూలు 60/55 బల్బు (బ్రైట్‌లో 60 వాట్లు, డిమ్ములో 55) బ్రైట్‌లో 5 ఆంపియర్లు, రెండూ కలిపి 10. నూరు వాట్లవి వేస్తే రెంటికీ కలిపి 16 ఆంపియర్ల పైమాటే. ఇదంతా ఇరవై ఏళ్ళు దాటిన డిమ్ము డిప్పు స్విచ్చి గుండా, లైటు స్విచ్చి గుండా, మీ నాన్నగారి కాలంనాటి సన్న వైరు గుండా పోవాలి. మొదట హోల్డరు కరుగుతుంది, తర్వాత స్విచ్చి. సరిగ్గా ఘాటీ మలుపులో రెండు లైట్లూ ఒకేసారి పోతే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

బల్బు మార్చకముందు ఉన్న బల్బుకి దక్కాల్సింది దక్కుతోందా చూడు. ఇంజను నడుస్తూ, బ్రైట్ వేసి, బ్యాటరీ మీద ఒక కొలత, బల్బు వెనక హోల్డరు దగ్గర ఒక కొలత. హోల్డరు బల్బుకి తగిలించే ఉండాలి, లాగేసి కొలిస్తే కరెంటు పారక మీటరు అబద్ధం చెబుతుంది. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి బల్బు దగ్గర 11.7 ఉందనుకో, రెండు వోల్టులేగా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. నువ్వు చూసే తేడాలో వెలుగు 40 శాతం దాకా దారిలోనే ఆవిరైపోయినట్టు. దీపం బుడ్డి అన్నావు చూడు, అదీ సంగతి.

మందు రిలే, అంటే చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి. రెండు రిలేలు తీసుకో, బ్రైటుకి ఒకటి, డిమ్ముకి ఒకటి. రిలే అడుగున నాలుగు నెంబర్లుంటాయి. 30కి బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, 87 నుంచి బల్బుకి, 85 ఎర్త్‌కి, 86కి ఇప్పుడు బల్బుకి పోతున్న పాత వైరు. అంటే పాత వైరు ఇక లైటు మోయదు, రిలేకి సైగ మాత్రమే చేస్తుంది, అందుకు పావు ఆంపియరు కూడా పట్టదు. కొత్త వైరు 2.5 స్క్వేర్ ఎంఎం వాడు. ఫ్యూజు బ్యాటరీకి బెత్తెడు దూరంలోనే ఉండాలి, దూరంగా పెడితే ఫ్యూజుకి ముందున్న వైరు ముక్క రాపిడికి బాడీని తాకినప్పుడు కాపాడే నాథుడు ఉండడు. ఇంకోటి, కుడి లైటుకి వేరే ఫ్యూజు, ఎడమ లైటుకి వేరే ఫ్యూజు వేసుకో, ఒకటి ఎగిరినా ఘాటీ దిగడానికి రెండోది ఉంటుంది. హెడ్‌లైట్ల ఎర్త్ వైరు కూడా కొత్తది లాగి, పెయింటు గీకిన చోట బిగించు. సగం మంది రిలే వేసి ఎర్త్ మర్చిపోతారు, "రిలే వేసినా తేడా లేదన్నా" అని తిరిగొస్తారు.

నీ బండిలో ఒరిజినల్ వైరింగు ఉంటే పని సుఖం. అంబాసిడరు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం కదా, తీగల రంగులు కూడా ఆ బ్రిటిష్ లూకాస్ పద్ధతే. గోధుమ రంగు ఎప్పుడూ కరెంటు ఉండేది, తెలుపు తాళం ఆన్ చేస్తే వచ్చేది, ఆకుపచ్చ తాళం తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది. నీలం హెడ్‌లైటు, నీలం మీద తెల్ల గీత బ్రైటు, నీలం మీద ఎర్ర గీత డిమ్ము, ఒట్టి ఎరుపు పార్కింగు లైట్లు, నలుపు ఎర్త్. ఎవరైనా మధ్యలో చేతికి దొరికిన ముక్క అతికించి ఉంటే మాత్రం రంగుని నమ్మకు, టెస్ట్ ల్యాంపునే నమ్ము. మా షెడ్డుకొచ్చే అంబాసిడర్లలో తలుపు కాలింగ్ బెల్లు వైరుతో వేసిన హారను కూడా చూశాను.

మంచు గురించి కూడా అడిగావు. మంచులో బ్రైట్ వేస్తే వెలుగు తిరిగి నీ కళ్ళలోకే కొడుతుంది. డిమ్ములో, నెమ్మదిగా. దానికి వైరింగు మందు లేదు.

ప్రశ్న: మారుతి ఓమ్నీలో బ్రేకు తొక్కితే ఎడమవైపు వెనక ఇండికేటరు కూడా మసగ్గా వెలుగుతోంది, పార్కింగు లైటు వేస్తే బ్రేకు లైటు పోతోంది. బల్బులన్నీ మార్చాం. ఎలక్ట్రీషియన్ మొత్తం వెనక వైరింగు మార్చాలంటున్నాడు. (టైలరింగు షాపు నడుపుతున్న సోదరి, గుణుపురం)

అమ్మా, వైరింగు మార్చొద్దు. ఎడమ వెనక లైటు డబ్బాకి ఎర్త్ పోయింది. కరెంటు వచ్చిన దారిన తిరిగి వెళ్ళాలి, వెళ్ళే తలుపు మూసేస్తే పక్కింట్లోంచి దూరి పోతుంది. అలా బ్రేకు కరెంటు ఇండికేటరు బల్బు గుండా దూరుతోంది, అందుకే మసక. నేను పైన చెప్పిన మూడు మీటర్ల వైరు ఒక చివర బ్యాటరీ నెగటివ్‌కి, రెండో చివర ఆ లైటు డబ్బాలో నల్ల వైరు చేరే చోట తగిలించండి. అన్నీ సక్రమంగా వెలిగితే రోగం అదే. నల్ల వైరు బాడీకి బిగించిన స్క్రూ విప్పి, తుప్పు గీకి, ఇనుము మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది తిరిగి బిగిస్తే సరి.

ఇండికేటరు ఒక పక్క వేగంగా కొట్టుకుంటే కూడా ఇలాంటిదే అనుకోకండి, అది ఆ పక్క ఏదో బల్బు పోయిందని ఫ్లాషరు (ఇండికేటర్లని ఆర్పి వెలిగించేది) చేసే ఫిర్యాదు. ఎల్ఈడీ బల్బు వేసినా అలాగే కొట్టుకుంటుంది, అది తక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి ఫ్లాషరుకి బల్బు లేనట్టే లెక్క.

ప్రశ్న: ప్రీమియర్ పద్మిని, మా తాతగారిది. మేం గోపాల్‌పూర్ రోడ్డులో ఉంటాం. వైపరు, ఇండికేటర్ల ఫ్యూజు నెలకి మూడుసార్లు పోతోంది. విసుగొచ్చి మెకానిక్కు దాని మీద రాగి తీగ చుట్టాడు. రెండు నెలలు హాయిగా ఉంది. మొన్న డ్యాష్‌బోర్డు వెనక నుంచి కాలిన వాసన వచ్చింది. ప్రమాదమేమైనా ఉందా బాబాయ్? (బరంపురం)

ఉందా అని అడుగుతున్నావా? ఈ పత్రిక కింద పెట్టి ముందు వెళ్ళి బ్యాటరీ నెగటివ్ విప్పు, తర్వాత వచ్చి మిగతాది చదువు.

ఫ్యూజు కాలడానికే పుట్టింది. తీగ కాలకుండా తను కాలుతుంది. దాని మీద రాగి చుట్టావంటే ఇక కాలాల్సింది డ్యాష్‌బోర్డు వెనక తీగే, దాని చుట్టూ ఉన్నది పాత రెగ్జిను, పాత దూది, పైన పెట్రోలు బండి. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఎనిమిది ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పదహారు వేసేవాళ్ళు కూడా ఆ జాతే, కాస్త చదువుకున్న జాతి, అంతే. పద్మినిలో ఉండే పింగాణీ ఫ్యూజుల్లో తెల్లది 8, ఎర్రది 16. తెల్లది ఉన్నచోట తెల్లదే. కొత్త బండ్ల బ్లేడు ఫ్యూజులకి రంగులు వేరు, అక్కడ ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఇవి కలగాపులగం చేసుకోవద్దు.

ఇప్పుడు షార్టు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి. ఫ్యూజులు డబ్బాలు డబ్బాలు తగలెయ్యకుండా పనయ్యే పద్ధతి, నా గురువు విజయనగరంలో నేర్పినది. ఫ్యూజు తీసేసి, దాని రెండు గాట్ల మధ్య ఒక 21 వాట్ల బ్రేకు బల్బుని వైర్లతో కలుపు. ఆ దారిలో ఉన్న సామాన్లన్నీ, వైపరు, ఫ్లాషరు, ఏవుంటే అవి, ఆఫ్ చెయ్యి లేదా కప్లర్లు లాగెయ్యి. తాళం ఆన్ చెయ్యి. బల్బు గట్టిగా వెలిగితే షార్టు ఇంకా ఉన్నట్టు, బల్బు అడ్డు ఉంది కాబట్టి తీగ కాలదు, ఫ్యూజు అవసరం లేదు, తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఇక వైరింగు మోపుని అక్కడక్కడా కదుపుతూ, వంచుతూ పో. బల్బు ఎక్కడ కదిపినప్పుడు ఆరిందో అక్కడ టేపు విప్పు. ముందు చూడాల్సిన చోట్లు స్టీరింగు కాలమ్ దగ్గర తిరిగే మోపు, ఇంజను గదిలోంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు చిట్లిన చోటు, వైపరు మోటారు కింద.

షార్టు నెలకి మూడుసార్లే వస్తోందంటే బండి నిలబెట్టి చూస్తే దొరక్కపోవచ్చు. అప్పుడు ఆ బల్బుని పొడుగు వైర్లతో డ్యాష్‌బోర్డు మీదకి తెచ్చి టేపుతో అంటించుకుని, వాన లేని పగటిపూట గతుకుల రోడ్డులో ఒక చుట్టు తిరిగిరా. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకో, బల్బు ఎప్పుడు భగ్గుమందో వాళ్ళు చెబుతారు, కుడివైపు తిప్పినప్పుడా, గతుకు పడినప్పుడా, హారను కొట్టినప్పుడా. ఆ ఒక్క కబురు చాలు.

మీది సముద్రపు గాలి కూడా. ఉప్పు గాలికి రాగి పచ్చబడుతుంది, ఆ పచ్చదనం పైకి కనిపించకుండా తీగ తొడుగు లోపలికి పాకుతుంది. వాసన వచ్చిన చోట కాలిన తీగ కోసి అతికేటప్పుడు రాగి ఎర్రగా మెరిసేదాకా వెనక్కి కోస్తూ పో. నల్లబడ్డ రాగికి సీసం అంటదు, మెలిపెట్టి టేపు చుడితే ఆర్నెల్లకి మళ్ళీ నా దగ్గరికే.

ప్రశ్న: 2018లో తిత్లీ తుఫానుకి వంశధార పొంగి మా బండి సీట్ల దాకా మునిగింది. అప్పుడు ఆరబెట్టించి వాడుకున్నాం. రెండేళ్ళు బాగానే ఉంది. ఇప్పుడు రోజుకో జబ్బు, ఒకరోజు హారను, ఒకరోజు వైపరు, ఒకరోజు అసలు స్టార్టే కాదు, మర్నాటికి అన్నీ బాగుంటాయి. అమ్మెయ్యమంటారా? (కాశీనగర్)

వరద నీళ్ళు ఆరిపోతాయి గానీ బురద ఆరదండీ. తీగ తొడుగు లోపల సన్నటి పోగుల మధ్య నీళ్ళు వత్తిలో నూనెలా పాకుతాయి, మునిగిన చోటికి జానెడు పైదాకా కూడా. అక్కడ రాగి మెల్లగా తినేసుకుంటుంది. అందుకే వరద తర్వాత వెంటనే కాదు, ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. మర్నాటికి బాగవడం కూడా అందుకే, ఎండకి ఆరుతుంది, కాస్త కదిలి అంటుకుంటుంది.

అమ్మేముందు ఒక ఆదివారం ఖర్చు పెట్టండి. సీట్లు విప్పి, కార్పెట్టు లేపి, తలుపు గడపల వెంట పోయే మోపులో ఉన్న కప్లర్లన్నీ లాగి చూడండి. పిన్నులు పచ్చగా ఉన్నవాటిని ఫోను కెమెరాతో ఫొటో తీసుకుని లెక్క పెట్టండి. నాలుగైదు చోట్లయితే పిన్నులు మార్పించుకుని బండి ఉంచుకోవచ్చు. అన్నిచోట్లా పచ్చగా ఉండి, తొడుగు వంచితే పెళపెళ విరుగుతుంటే అతుకులతో లాభం లేదు, మునిగిన వరకూ మోపంతా మార్చాల్సిందే. ఆ ఖర్చు బండి ధరలో సగం దాటితే నేనైతే అమ్మేస్తాను. కొనేవాడికి వరద సంగతి చెప్పే అమ్మండి, మన జిల్లాల్లో ఎవరి బండి ఎప్పుడు మునిగిందో ఎలాగూ తెలుస్తుంది.

ఒక తిరకాసు మాత్రం గుర్తుంచుకోండి. ఇలా తినేసిన తీగ మీద మల్టీమీటరు పెడితే నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. ఒక్క పోగు మిగిలినా మీటరుకి చాలు, అది ఏమీ లాగదు కదా. అదే పోగు మీద బల్బు వెలిగించమంటే చేతకాదు. అందుకే మొదట్లోనే బల్బున్న టెస్ట్ ల్యాంపు కావాలన్నాను.

ప్రశ్న: ఎలుకలు! ఏం చెయ్యాలి? (రాయగడ)

కోతల టైములో పొలం ఖాళీ అయ్యాక ఎలుకలకి వెచ్చటి ఇంజను గదే ఇల్లు. రాత్రి బానెట్టు తెరిచి ఉంచండి, చీకటీ వెచ్చదనమూ పోతే చాలావరకు రావు. బండిలో తినే సామాను, బియ్యం బస్తా వదలకండి. పొగాకు కాడలు పెట్టమంటారు, నాఫ్తలిన్ ఉండలు పెట్టమంటారు, మా షెడ్డులో పొగాకు కాడల మీదే గూడు కట్టిన ఎలుకని చూశాక నేను ఎవరికీ చెప్పడం మానేశాను. కొరికిన తీగలు ఒకటి కనిపిస్తే కనిపించనివి మూడు ఉంటాయనుకుని మోపు కింద వైపు కూడా చూడండి.

ప్రశ్న: లైట్లు వేసినప్పుడల్లా పెట్రోలు ముల్లు, వేడి ముల్లు రెండూ కలిసి కదులుతాయి. ట్యాంకులో ఫ్లోటు మార్చాం, టెంపరేచరు సెన్సారు మార్చాం. మార్పు లేదు. (సునాబెడ)

రెండు ముళ్ళు ఒకేసారి కదిలితే రెండు సామాన్లు ఒకేసారి పాడయ్యాయని కాదండీ, రెంటికీ ఉమ్మడిగా ఉన్నది పాడైందని. మీటరు బోర్డు వెనక ఎర్త్ వైరు. మార్చిన పాత ఫ్లోటు, సెన్సారు పారెయ్యకండి, పనికొస్తాయి.

ప్రశ్న: ఐటీఐ చదువుతున్నాను. ఆటో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవాలని ఉంది. స్కానరు కొనమంటున్నారు, అప్పు చేసైనా కొనాలా సార్? (జేకేపూర్)

ఇప్పుడే వద్దు బాబూ. పైన అడిగిన బండ్లలో అంబాసిడరు, పద్మిని, 1998 మారుతి, వీటిలో స్కానరు తగిలించే సాకెట్టే ఉండదు. మన దేశంలో ఓబీడీ (బండి తన లోపం తనే నమోదు చేసుకునే ఏర్పాటు, స్కానరు చదివేది దాన్నే) నిబంధన వచ్చిందే 2010లో. కొత్త బండ్లకి స్కానరు కావాలి, కాదనను, కానీ స్కానరు "సెన్సారు సిగ్నలు లేదు" అని చెబుతుందే గానీ సెన్సారు పోయిందా, దాని తీగ పోయిందా, ఎర్త్ పోయిందా చెప్పదు. అది కనిపెట్టేది నువ్వే. మొదటి ఏడాది ఓమ్ సూత్రం, సీసం అతకడం, వైరింగు బొమ్మ చదవడం నేర్చుకో. బొమ్మ చదవడం వచ్చినవాడు షెడ్డుల్లో దొరకడం కష్టం, అందరూ తీగ పట్టుకుని వేలితో వెంట పోయేవాళ్ళే, నేను కూడా చాలా ఏళ్ళు అలాగే పోయాను.

టెస్ట్ ల్యాంపు మాత్రం కొనకు, చేసుకో. 5 వాట్ల బల్బు, హోల్డరు, గజం వైరు, ఒక క్లిప్పు, ఒక కుట్టు సూది. సూదిని పాత పెన్ను గొట్టంలో బిగించు. తీగ తొడుగు గుచ్చి చూశాక ఆ చిల్లు మీద టేపు వేయడం మర్చిపోకు, లేదంటే వచ్చే వానాకాలానికి నువ్వు గుచ్చిన చోటే రాగి పచ్చబడి నీ దగ్గరికే తిరిగొస్తుంది.